గురజాల నగరులో నాయకురాలు



మన ఇళ్ళల్లో ఒక అలవాటు వుంది. ఆడపిల్ల నలుగురిలో కాస్త గట్టిగా మాట్లాడినా, కొత్తకోడలు ఇంటి ఖర్చు సంగతిలో తన అభిప్రాయం చెప్పినా, "అబ్బో, నాయకురాలు బయల్దేరిందమ్మా!" అనేస్తాం. మా పల్నాటి వైపయితే పేరు కూడా కలిపి "నాయకురాలు నాగమ్మ" అంటారు. అది మెచ్చుకోలు కాదని అన్నవాళ్ళకీ తెలుసు, అనిపించుకున్నవాళ్ళకీ తెలుసు. అదే మగపిల్లవాణ్ణి "నువ్వు నాయకుడివిరా" అంటే వాడు పొంగిపోతాడు. ఒకటే మాట మగవాడికి బిరుదూ, ఆడదానికి తిట్టూ ఎందుకయింది? ఈ పూట మనం ఆ సంగతి కాస్త నిదానంగా ఆలోచిద్దాం. అందుకోసం ఎనిమిది వందల ఏళ్ళకు పైగా వెనక్కి, గురజాల రాచనగరులోకి వెళ్ళాలి.

గురజాల, మాచర్ల, కారెంపూడి ఇవాళ పల్నాడు జిల్లాలో వున్నాయి. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడదీసి, నరసరావుపేట ముఖ్యపట్టణంగా ఈ జిల్లాను ఏర్పాటు చేశారు. ఒకవైపు కృష్ణానది, మరోవైపు నల్లమల కొండలు, మధ్యన నాపరాతి నేల. ఆ నేల మీద 12వ శతాబ్దం చివర, 1176కీ 1182కీ మధ్యన అని చాలామంది చరిత్రకారులు చెప్పే కాలంలో, అన్నదమ్ములు ఒకరినొకరు నరుక్కున్నారు. అదే పల్నాటి యుద్ధం. పల్నాటి భారతం అని కూడా అంటారు.

ఆ రోజుల్లో రాచనగరులో ఎవరేం చేశారో మనకెలా తెలుసు అంటారా? మనకు ముఖ్యంగా తెలిసింది పాట వల్ల. వీరవిద్యావంతులు అనే గాయకులు పంబ మోగుతుండగా, చేత కత్తి పట్టుకుని, రాత్రుళ్ళు ఈ కథ పాడేవారు. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులను వర్ణించే "క్రీడాభిరామం"లోనే ఈ వీరగాథ పాడటం కనిపిస్తుంది. 15వ శతాబ్దంలో దీన్ని శ్రీనాథుడు ద్విపదగా రాశాడని ప్రసిద్ధి. ఆ ద్విపదను అక్కిరాజు ఉమాకాంతంగారు పరిష్కరించి 1911లో అచ్చు వేయించారు. తరువాత జీన్ రోఘేర్ అనే అమెరికా పండితుడు పల్నాడు వచ్చి, గాయకుల నోటి నుంచి కథంతా రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి తర్జుమా చేసి 1982లో పుస్తకం వేశాడు. పాట శాసనం లాంటిది కాదు. ప్రతి పాటకీ ఒక పక్షం వుంటుంది. ఆ మాట గుర్తుంచుకుని కథలోకి వెళదాం.

హైహయ వంశం రాజు అనుగురాజు. ఉత్తరాది నుంచి వచ్చినవాడు. అప్పట్లో కృష్ణకు దక్షిణాన బలమైన రాజులు వెలనాటి చోళులు. వాళ్ళ రాజధాని చందవోలు. ఆ యింటి ఆడపడుచు మైలమదేవిని అనుగురాజుకిచ్చి పెళ్ళి చేసి, పల్నాటి సీమను అరణంగా యిచ్చారని కథ. అరణమంటే తెలుసు కదా, కూతురికి పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చే ఆస్తి. మనకైతే ఎకరమో, అరెకరమో. ఆమెకు ఒక రాజ్యమే ఇచ్చారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రాజ్యం వచ్చింది మైలమదేవి పేరు మీద. కానీ ఆ రాజ్యాన్ని ఎలా నడపాలని గానీ, ఎవరికి పంచాలని గానీ మైలమదేవిని ఎవరైనా అడిగారా? పాటలో నాకెక్కడా వినపడలేదు. అనుగురాజుకు ఆమె కాక మరో ఇద్దరు రాణులు. మైలమదేవి కొడుకు నలగామరాజు. సవతుల కొడుకుల్లో మలిదేవుడు, అతని తమ్ముళ్ళు మరో పక్షమయ్యారు. "మా తల్లి అరణం మాకే" అని ఒకరూ, "మేమూ ఆ తండ్రి బిడ్డలమే" అని మరొకరూ. ఇది మనకు తెలియని తగాదానా? ఎన్ని ఇళ్ళల్లో చూడలేదు! గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవటం ఇలాంటిచోటే మొదలవుతుంది. ఈ చిక్కుముడి పడేనాటికి నాగమ్మ ఆ నగరులో అడుగు పెట్టనేలేదు.

అనుగురాజు మంత్రి దొడ్డనాయుడు. ఆయన కొడుకు బ్రహ్మనాయుడు. తండ్రి తరువాత నలగామరాజు కొలువులో ఆయనే మంత్రి. తెలివైనవాడు, విష్ణుభక్తుడు. మాచర్లలో చంద్రవంక ఒడ్డున వున్న చెన్నకేశవస్వామి ఆయన ఇలవేల్పు. ఆయన చేసిన పనుల్లో ఇప్పటికీ జనం చెప్పుకునేది చాపకూడు. చాపలు పరిచి, అన్ని కులాలవాళ్ళనూ ఒక్క బంతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టటం. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి, సేనాపతిని చేశాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మాట ఇది. ఇవాళ్టికీ పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే ఇళ్ళున్నాయని తలుచుకుంటే, ఆ బంతి ఎంత పెద్దదో మనకు అర్థమవుతుంది.

ఇక నాగమ్మ. దాచేపల్లి దగ్గర గామాలపాడు ఆమె వూరని చెబుతారు. చిన్నతనంలోనే భర్త పోయాడు. అయినా మూల కూర్చోలేదు. వ్యవసాయం చూసుకుంది, చదువుకుంది, శివభక్తురాలు. ఒకసారి రాజు వేటకు వచ్చి ఎండకు సొమ్మసిల్లిపోతే, ఆయనకూ, వెంట వచ్చిన పరివారానికీ ఆమె నీడా, నీళ్ళూ, భోజనాలూ ఏర్పాటు చేసిందట. అనుకోకుండా అంతమంది వచ్చి పడితే వేళకు వండించి వడ్డించటం ఎంత యంత్రాంగమో మీకు వేరే చెప్పాలా! రాజు మెచ్చుకుని ఏం కావాలో కోరుకోమన్నాడు. నగలు అడగలేదు. పొలం అడగలేదు. ఏడు ఘడియలు మంత్రిపదవి ఇమ్మని అడిగింది.

ఘడియ అంటే 24 నిమిషాలు. ఏడు ఘడియలంటే మూడు గంటలు కూడా లేదు. మనం మధ్యాహ్నం వంట ముగించి, వంటిల్లు కడుక్కునే వ్యవధి. ఆ కాస్త వ్యవధిలో ఆమె కొలువులో లెక్కలు అడిగి, లోపాలు పట్టుకుని, రాజును తన తెలివితో మెప్పించిందని కథ. ఏడు ఘడియల మంత్రిణి గురజాల కొలువులో స్థిరపడిపోయింది. నాయకురాలు అన్న బిరుదు అలా వచ్చింది. గుర్తుపెట్టుకోండి, అప్పటికది బిరుదే.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. బ్రహ్మనాయుడు మలిదేవుడి పక్షం వహించాడు. నాగమ్మ నలగామరాజు వైపు నిలిచింది. ఆయన వైష్ణవం, ఆమె శైవం. చివరికి రాజ్యం రెండు ముక్కలయి, నలగామరాజు గురజాలలోనూ, మలిదేవాదులు మాచర్లలోనూ వుండిపోయారు. పంపకం అయితే జరిగింది కానీ, మనసులు కుదుటపడలేదు.

అప్పుడు వచ్చింది కోడిపందెం. ఆ కాలపు కొలువుల్లో వేటా, కోడిపందెం రాజుల కాలక్షేపం. బ్రహ్మనాయుడి కోడి పేరు చిట్టిమల్లు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి వెళ్ళిపోవాలని పందెం. మొదట చిట్టిమల్లే గెలిచిందనీ, చివరకు నాగమ్మ కపటంతో దాన్ని ఓడించిందనీ పాట చెబుతుంది. మలిదేవాదులు, బ్రహ్మనాయుడు వాళ్ళ ఆలమందలతో సహా వలస పోయారు.

నాగమ్మ కపటం చేసిందనే అనుకుందాం. కానీ, అమ్మా, రాజ్యాన్ని కోడి కాలికి కట్టింది ఎవరు? కొలువులో అంతమంది పెద్దలుండి "వద్దు నాయనా" అన్నది ఎవరు? ధర్మరాజు జూదంలో పెళ్ళాన్ని ఒడ్డాడు. అయినా ఏ తల్లీ కొడుకు మీద కోపం వచ్చి "ధర్మరాజులా తయారయ్యావు" అని తిట్టదు. ఆయన్ను ధర్మరాజనే పిలుస్తాం. మోసం చేసిన శకునిని తిడతాం. అంతవరకూ బాగానే వుంది. ఒడ్డినవాడి తప్పు మాత్రం మాయమైపోతుంది.

ఏడేళ్ళు గడిచాయి. రాజ్యం తిరిగి ఇమ్మని అడగటానికి మాచర్లవారు అలరాజును రాయబారిగా పంపారు. ఈ అలరాజు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ నలగామరాజు అల్లుడు. కూతురు పేరమ్మ భర్త. మామగారి కొలువుకు వచ్చాడు, తన పక్షం న్యాయం చెప్పాడు, ఫలితం లేక వెనుదిరిగాడు. తిరుగుదారిలో చర్లగుడిపాడులో అతనికి విషం పెట్టి చంపారు. పేరమ్మ భర్త శవంతో సహగమనం చేసింది.

కారెంపూడి తిరనాళ్ళలో ఒకసారి నేను ఈ ఘట్టం విన్నాను. యుద్ధఘట్టాలకు ఈలలు వేసిన జనం, పేరమ్మ దగ్గరకు వచ్చేసరికి చడీచప్పుడు లేకుండా కూర్చున్నారు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "పుట్టింటివాళ్ళే బొట్టు తుడిచారు తల్లీ" అంది. అంతకంటే చెప్పటానికి ఏముంది? పేరమ్మకు ఆ నగరులో తండ్రి వున్నాడు, ఆమె పెరిగిన ఇల్లు వుంది, అక్కడికే అల్లుడు వచ్చి వెళ్ళాడు. రాజకీయం రాజుకీ, మంత్రికీ చదరంగం కావచ్చు. పేరమ్మకు మాత్రం అది మంగళసూత్రం.

ఈ విషం పాపాన్ని కూడా పాట నాగమ్మ నెత్తినే పెట్టింది. చేయించి వుంటే అది మహాపాపమే. ఆడది కదా అని నేను సమర్థించను. కానీ సింహాసనం మీద కూర్చున్నది నలగామరాజు. చనిపోయినవాడు ఆయన అల్లుడు. రాయబారిని క్షేమంగా సాగనంపటం రాజధర్మం, అల్లుణ్ణి కాపాడుకోవటం మామగారి ధర్మం. ఆ రెండూ తప్పిన మనిషిని మనం తిట్లలో ఎక్కడా వాడుకోం. "నలగాముడిలా వున్నావు" అని ఎవరైనా అనగా విన్నారా?

ఆ తరువాతది యుద్ధమే. కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు ఇంకా కుర్రవాడు. వీధిలో బొంగరాలాడుతుంటే అది తగిలి దెబ్బతిన్న ఒక స్త్రీ, "మీవాళ్ళు యుద్ధభూమిలో వుంటే నువ్వు ఇక్కడ ఆటలాడుతున్నావా?" అని దెప్పిందట. ఆ మాటతో అతను యుద్ధానికి బయలుదేరాడు. తల్లి ఐతాంబ అతన్ని భార్య మాంచాల దగ్గరకు పంపింది. పెళ్ళయినప్పటి నుంచీ మాంచాల గడప తొక్కనివాడు, శ్యామాంగి అనే వేశ్య ఇంట్లో వుండిపోయినవాడు. మొదటిసారి కలుసుకున్న రాత్రే చివరిసారి. మాంచాల అతన్ని నిలదీయవచ్చు, ఆపవచ్చు. కానీ వీరుడి భార్యగా తిలకం దిద్ది పంపింది. బాలచంద్రుడు తిరిగి రాలేదు. ఆమెను పొగుడుతూ ఎన్నో నాటకాలు వచ్చాయి. కాపురమే చెయ్యని ఆ పిల్లకు ఏం మిగిలిందని మాత్రం ఆ నాటకాలు అడగవు.

ఇక ముగింపు వినండి. వీరులంతా పోయాక, శవాల గుట్టల మధ్య బ్రహ్మనాయుడికి విరక్తి కలిగింది. నలగామరాజునే మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టి, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని కథ. అంటే ఎవరి పేరు మీద ఇంత రక్తపాతం జరిగిందో ఆ రాజుకు రాజ్యం తిరిగి వచ్చింది. బ్రహ్మనాయుడికి దైవత్వం వచ్చింది. కారెంపూడి వీర్లగుడిలో వీరులకు పూజలు వచ్చాయి. నాగమ్మకు వచ్చింది నింద ఒక్కటే.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, సముద్రాలకు అవతల జపాను దేశంలో జరిగిన ఇంకొక కథ చెబుతాను. మనకు ప్రభవ, విభవ అని సంవత్సరాలకు పేర్లున్నట్టే వాళ్ళకూ కాలానికి పేర్లు పెట్టే ఆచారం వుంది. తేడా ఏమిటంటే, మనవి అరవై తిరిగి తిరిగి వస్తాయి. వాళ్ళవి రాజాస్థానం నిర్ణయించేవి. ఏదైనా అరిష్టం జరిగితే పేరు మార్చి కొత్త శకం మొదలుపెట్టేవారు. 1177లో రాజధాని క్యోటో నగరంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. వెంటనే పేరు మార్చి 'జిషో' అన్నారు. 1181 దాకా నడిచింది. మన గురజాల కథ కాలం కూడా అదే, చూడండి!

ఆ ఆస్థానంలో తైరా వంశపు కియోమోరి అనే ప్రభువు చక్రం తిప్పేవాడు. కూతురు తోకుకోను చక్రవర్తికిచ్చి పెళ్ళి చేశాడు. 1178లో ఆమెకు కొడుకు పుట్టాడు. 1180లో, రెండేళ్ళయినా నిండని ఆ పసివాణ్ణి తాతగారు సింహాసనం ఎక్కించాడు. ఆ ఏడే మినమోతో వంశం వాళ్ళు తిరగబడ్డారు. అయిదేళ్ళ యుద్ధం. అక్కడా కోడిపందెం వుందంటే మీరు నమ్ముతారా? కుమనో క్షేత్రాధికారి ఒకడు, ఏ పక్షంలో చేరాలో తేలక, ఏడు ఎర్రకోళ్ళనూ ఏడు తెల్లకోళ్ళనూ దైవసన్నిధిలో పోరాడించి, తెల్లకోళ్ళు గెలిస్తే తెల్లజెండా మినమోతోల వైపు వెళ్ళాడని వాళ్ళ వీరగాథలో వుంది. 1185లో దన్‌నోఉరా అనే చోట సముద్రం మీద ఆఖరి యుద్ధం. ఓటమి తప్పదని తెలిసి, ఆరేళ్ళ మనుమణ్ణి ఎత్తుకుని అమ్మమ్మ సముద్రంలో దూకేసింది. తల్లి తోకుకో కూడా దూకింది కానీ, శత్రుసైనికులు జుట్టు పట్టుకుని పైకి లాగారు. ఆమె సన్యాసినిగా మారి, కొండల నడుమ చిన్న ఆశ్రమంలో శేషజీవితం గడిపింది.

ఆ కథను గుడ్డివాళ్ళయిన గాయకులు బివా అనే తంత్రీవాద్యం మీటుతూ వూరూరా పాడారు, మన వీరవిద్యావంతుల లాగే. కానీ వాళ్ళ పాట తప్పంతా ఆడవాళ్ళ మీద వేయలేదు. పదవి తలకెక్కిన కియోమోరి గర్వమే వంశాన్ని ముంచిందని మగవాడి పేరు పెట్టి మరీ పాడింది. తోకుకో దుఃఖంతో కథ ముగుస్తుంది. మనవాళ్ళు పేరమ్మను ఏడుస్తూ పాడారు, మాంచాలను మెచ్చుకుంటూ పాడారు. మగవాళ్ళకోసం ఏడ్చిన ఆడవాళ్ళకు పాటలో మంచిచోటే దొరికింది. మగవాళ్ళతో సమానంగా కొలువులో కూర్చున్న ఆడదానికి మాత్రం చోటు దొరకలేదు.

ఇందులో పాడినవాళ్ళను తప్పు పట్టటం నా వుద్దేశం కాదు. తమను బంతిలో పక్కన కూర్చోబెట్టుకున్న బ్రహ్మనాయుణ్ణి, తమవాడైన కన్నమదాసును వాళ్ళు దేవుళ్ళుగా చూసుకున్నారంటే అది సహజం, న్యాయం కూడాను. ఆయన్ను ఎదిరించిన మనిషి వాళ్ళకు శత్రువే అవుతుంది. ఆ కోపంలో నిజం వుంది. కానీ పాట విన్న మనం, కోపంతో పాటు ఇంకొకటి కూడా ఇంటికి తెచ్చుకున్నాం. ఆడది పెత్తనం చేస్తే కొంప మునుగుతుందన్న నీతి. ఆ నీతి పాటలో వున్నదాని కంటే మన నోళ్ళలోనే ఎక్కువ పెరిగింది.

ఆడవాళ్ళ పరిపాలన తెలుగువాళ్ళకు గిట్టదని కూడా అనలేం. పల్నాటి యుద్ధం తరువాత నూరేళ్ళలోపే, ఓరుగల్లులో రుద్రమదేవి 1262 నుంచి 1289 దాకా రాజ్యం చేసింది. ఆమెను నెత్తిన పెట్టుకున్నాం, విగ్రహాలు నిలిపాం. మరి తేడా ఎక్కడుంది? రుద్రమ వెనక గణపతిదేవుడనే మహారాజు వున్నాడు. కూతుర్ని తానే గద్దె ఎక్కించాడు. నాగమ్మ వెనక తండ్రి రాజు కాడు, మొగుడు లేడు, కొడుకు లేడు. పల్లెటూరి వితంతువు. తన బుద్ధి తప్ప ఆమెకు అండ లేదు. అండ లేని ఆడదాని తెలివిని మనం కపటం అంటాం. అండ వున్నదాని తెలివిని రాజనీతి అంటాం.

సినిమాలవాళ్ళు కూడా ఈ పాత్ర బలాన్ని గమనించారు. 1947లో వచ్చిన "పల్నాటి యుద్ధం"లో కన్నాంబగారు, 1966లో వచ్చిన దానిలో భానుమతిగారు నాగమ్మ వేషం వేశారు. అంతటి మహానటులు కావలసి వచ్చారంటే అది చిన్న పాత్ర కాదన్నమాట.

కార్తీకమాసం చివర, అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కోరోజుకు ఒక్కో పేరు. వీరుల ఆయుధాలను, కొణతాలంటారు వాటిని, మోసుకుని దూరాభారాల నుంచి జనం వస్తారు. వీలయితే పిల్లలను తీసుకుని వెళ్ళండి. చాపకూడు సంగతి చెప్పండి, అది వాళ్ళు నేర్చుకోవలసిన పాఠం. అలరాజు రాయబారం చెప్పేటప్పుడు మాత్రం, తప్పు ఎవరెవరిదో లెక్క కట్టమని వాళ్ళనే అడగండి. అరణాన్ని సరిగా పంచని తండ్రిది ఎంత? రాజ్యాన్ని పందెం కాసిన పెద్దలది ఎంత? అల్లుణ్ణి కాపాడని రాజుది ఎంత? నాయకురాలిది ఎంత? ఆమె తప్పు ఆమెదే. పక్కవాళ్ళ తప్పులు కూడా ఆమెవే ఎలా అవుతాయి?

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల్లో మూడోవంతుకు తగ్గకుండా స్థానాలు ఆడవాళ్ళకు కేటాయించారు. గురజాల, మాచర్ల పల్లెల్లో కూడా ఎందరో ఆడవాళ్ళు సర్పంచులయ్యారు. అయినా చాలాచోట్ల కుర్చీ ఆమెది, మాట ఆయనది. ధైర్యం చేసి తన మాట తాను చెప్పే సర్పంచికి, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు పెట్టే పేరు ఏమిటో మీకు తెలుసు. ఆ పేరు పెట్టేవాళ్ళలో మనమూ వుంటున్నాం. మన కూతుళ్ళనూ, కోడళ్ళనూ ఆ మాట అంటున్నది ఎక్కువగా మనమే.

కాబట్టి ఈసారి ఇంట్లో ఆడపిల్ల లెక్క అడిగితే, ఎదురు ప్రశ్న వేస్తే, "నాయకురాలివే నువ్వు" అనండి. కానీ గొంతులో వెటకారం లేకుండా, కొడుకును అన్నట్టే అనండి. ఆ బిరుదు ఏడు ఘడియల్లో సంపాదించిన మనిషి ఒకామె ఈ గడ్డమీదే వుండేది.

సెలవు.